ఎమిల్ రోజు

అందరి ఇళ్ళల్లో వారానికి ఏడు రోజులు. మా ఇంట్లో ఐదే. నాలుగు మామూలు రోజులు, ఐదోది ఎమిల్ రోజు.

ఎమిల్ మా అన్నయ్య. బేస్‌బాల్‌లో పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. ఒక ఆటంతా విసిరితే ఆ చెయ్యి కోలుకోవడానికి నాలుగు రోజులు పడుతుంది. అందుకే ప్రతి జట్టూ ఐదుగురు పిచ్చర్లని వంతులేసి తిప్పుకుంటుంది. వంతు ఉన్నవాడు పిచ్చరు. లేనివాడు వెనక కంచె దగ్గర బెంచీ మీద కూర్చుని, ముందువాడు ఎప్పుడు చతికిలబడతాడా అని ఎదురుచూసేవాడు. హేవర్టన్ జట్టులో ఐదో వంతు చాలా ఏళ్ళుగా అన్నయ్యదే. అది పెద్ద లీగ్ కాదు, దానికి ఒక్క మెట్టు కింద. ఆ మెట్టు ఇవాళ ఎక్కుతాడు, రేపు ఎక్కుతాడు అని మా నాన్న అనుకుంటూ ఉండగానే అన్నయ్యకి ముప్ఫై దాటాయి.

తన రోజున పిచ్చర్‌తో ఎవరూ మాట్లాడకూడదు. ఇది నాన్న కనిపెట్టింది కాదు. ఈ ఆట ఆడేవాళ్ళంతా పాటించేదే. కాకపోతే మిగతావాళ్ళు మైదానానికి వెళ్ళాక పాటిస్తారు, మా నాన్న వంటింట్లోంచే మొదలుపెట్టాడు. అన్నయ్య బడిలో ఆడే రోజుల్లోనే ఆ చట్టం వచ్చింది. తన రోజున అన్నయ్య మేడ దిగి వస్తే, క్యాబేజీ వేసి వేయించిన నూడుల్స్ కంచం ముందు పెట్టి అమ్మ పక్కకి తప్పుకునేది. మేం గోడకి అంటుకుపోయి నడిచేవాళ్ళం. ఒకసారి అన్నయ్య బూటు అడుగు ఊడి నాలికలా వేలాడుతోంది. నేను చూశాను, అమ్మ చూసింది, నాన్న చూశాడు. ఒక్కరం నోరు విప్పితే ఒట్టు. ఆ బూటుతోనే వెళ్ళి గెలిచి వచ్చాడు. ఇక నాన్నకి పట్టపగ్గాలు లేవు. నాకు బేకరీలో ఉద్యోగం వచ్చిన కబురు కూడా అన్నయ్యకి మర్నాడే తెలిసింది, ఎందుకంటే అది వచ్చింది ఎమిల్ రోజున.

అమ్మ పోయాక ఆ ఇంట్లో నేనూ నాన్నా మిగిలాం. ఉక్కు మిల్లులో కొలిమి ముందు నిలబడి నిలబడి నాన్న ఊపిరితిత్తులు పాడయ్యాయి. పంతొమ్మిది వందల డెబ్బై ఒకటి వేసవికి మంచం నుంచి వంటింటి బల్ల దాకా రావడానికే మధ్యలో ఒకసారి ఆగేవాడు. అయినా ఎమిల్ రోజున గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని రేడియో ముందు కూర్చునేవాడు. రేడియోలోంచి కొడుకు తనని చూస్తాడన్నట్టు.

జూలైలో ఒక పొద్దున్న పక్కింటి దుషాన్ మావయ్య పేపరు ఊపుకుంటూ వెనక గుమ్మంలోంచి వచ్చాడు. నాన్నకి మిల్లులో జతగాడు, నోరు మాత్రం ఇద్దరి పెట్టు.

"విన్నావా ఆండ్రెయ్! మీవాడి జట్టు కొత్త పిచ్చర్ని కొనుక్కొచ్చింది. లానీ ప్రూయిట్ అట. అర్కాన్సా కుర్రాడు. ఎడంచేతి వాటం."

"తెచ్చుకోనీరా. ఇంటికి ఇంకో చెయ్యి వస్తే మంచిదేగా," అన్నాడు నాన్న.

"చెయ్యి వస్తే మంచిదే. కుర్చీలు ఐదేగా ఉన్నవి!"

నాన్న కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. నేను చెక్కు తీయడానికి పెట్టుకున్న గిన్నె తన వైపు లాక్కుని నాలుగు బంగాళాదుంపలు, ఒక ఉల్లిపాయ తీసి బల్ల మీద వరసగా పేర్చాడు. రెండో చోట ఉల్లిపాయ ఉంది. జట్టులో రెండో వంతువాడిదీ ఎడంచెయ్యే.

"ఇలా చూడు. ఎడంచేతివాళ్ళిద్దర్నీ పక్కపక్కన పెట్టరు. అవతలి జట్టువాళ్ళకి కళ్ళు అలవాటు పడిపోతాయి. అంటే కొత్త ఉల్లిపాయ మొదటి చోటికీ రాదు, మూడో చోటికీ రాదు."

"అయితే ఐదో చోటికొస్తుంది," అన్నాడు దుషాన్ మావయ్య.

"ఎందుకొస్తుంది? నాలుగోవాడికి భుజం పట్టేసి నెల అవుతోంది. వాణ్ణి తీసేసి కొత్తవాణ్ణి అక్కడ పెడతారు. గస్ ఏం తెలివితక్కువవాడు కాదు." గస్ అంటే అన్నయ్య జట్టు మేనేజరు. ఎవరి వంతు ఎవరికివ్వాలో తేల్చేది ఆయనే.

"కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అన్నారా ఆండ్రెయ్?" అంటూ మావయ్య చివరి దుంప మీద చెయ్యి వేశాడు. నాన్న ఆ చేతి మీద చెళ్ళున కొట్టాడు.

"ముట్టుకోకు. అది నా కొడుకు."

ముగ్గురం నవ్వాం. నాన్న నవ్వు దగ్గులోకి దిగి, ఆ దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆ దుంపల్ని నేను ఆ పూట వండలేదు. నాన్న వండనివ్వలేదు.

తర్వాతి వారం ఆట లేని రోజు చూసుకుని అన్నయ్య ఇంటికి వచ్చాడు. వచ్చీ రాగానే నాన్న, "కొత్తవాణ్ణి ఎక్కడ పెడుతున్నాడు మీ గస్?" అని అడిగాడు. మంచినీళ్ళ కంటే ముందు.

"ఇంకా తేల్చలేదు నాన్నా. ఇప్పటికి బెంచీ మీద కూర్చోబెట్టాడు."

"నాలుగో చోటులో పెడతాడు. దుషాన్‌గాడికి లెక్క చెప్పి మరీ ఒప్పించాను."

"నాలుగో చోటులోనే పెట్టొచ్చు," అన్నాడు అన్నయ్య, కుర్చీ లాక్కుంటూ.

"కుర్రాడు ఎలా విసురుతాడు?"

"బాగా విసురుతాడు నాన్నా. బంతి బల్ల అంచు మీంచి జారి పడ్డట్టు పడుతుంది. పాపం పెళ్ళాంబిడ్డలతో రోడ్డు పక్క మోటల్ గదిలో ఉంటున్నాడు. నా దగ్గరున్న పెనమూ రెండు దుప్పట్లూ ఇచ్చాను. ఏ బ్యాటర్ ఎక్కడ కొడతాడో వాడికేం తెలియదు, రోజూ కాసేపు కూర్చోబెట్టి చెప్తున్నాను."

నాన్న చేతిలో చెంచా ఆగింది. "దొంగకి నువ్వే తాళంచెవి ఇస్తున్నావట్రా?"

"దొంగ కాదు నాన్నా. మంచివాడు."

"మంచివాడైతే మరీ ప్రమాదం," అన్నాడు నాన్న. అన్నయ్య నవ్వాడు. నవ్వితే అన్నయ్య మొహం అచ్చం అమ్మ మొహమే.

భోజనాలయ్యాక నాన్న కునుకు తీస్తుంటే మేమిద్దరం మెట్ల మీద కూర్చున్నాం. మిల్లు పొగ నది మీదికి వాలుతోంది.

"నాన్నకి ఎలా ఉంది, వెరోనా? నిజం చెప్పు."

"చూస్తున్నావుగా. డాక్టరు చలికాలం మాట ఎత్తడం లేదు."

అన్నయ్య తన కుడి మోచెయ్యి నొక్కుకున్నాడు. "గస్ ఇదివరకు బస్సులో నా పక్కన కూర్చునేవాడు. ఇప్పుడు ముందు సీట్లోకి మారాడు," అన్నాడు. "పెద్ద లీగ్ ఆశ నాకు ఎప్పుడో పోయింది చెల్లీ. నాన్నకి పోలేదు. నాకు వంతు పోయిందని వింటే ఆయన ఏమైపోతాడో అని భయంగా ఉంది."

"పోలేదుగా ఇంకా," అన్నాను.

"పోలేదు," అన్నాడు. వెళ్ళేటప్పుడు నాన్న నుదుటి మీద ముద్దు పెట్టుకుని, నిద్ర లేపకుండా వెళ్ళిపోయాడు. నేను లేపమనలేదు. మళ్ళీ వస్తాడుగా అనుకున్నాను.

ఆగస్టు సగానికి వచ్చేసరికి నాన్నని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ముక్కుకి గొట్టం పెట్టారు. ఊపిరి అందని మనిషికి పంతం మాత్రం తగ్గలేదు. "ఎమిల్‌కి చెప్పకు. జలుబు చేసిందని చెప్పు," అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. బుధవారం అన్నయ్య ఇంటికి ఫోన్ చేసి, ఎవరూ ఎత్తకపోతే దుషాన్ మావయ్యకి చేశాడు. ఆయన నోరు జారి ఆసుపత్రి నంబరు ఇచ్చేశాడు. నర్సు ఫోన్ తెచ్చి మంచం పక్కన పెట్టింది. నాన్న గొట్టం తీసేసి మరీ మాట్లాడాడు.

"ఏం లేదురా, రొంప. వీళ్ళకి పని లేక పడుకోబెట్టారు… ఊఁ… ఊఁ… అది సరే, ఆదివారం నీ రోజేగా?"

అవతల నుంచి జవాబు రావడానికి కొంచెం ఆలస్యమైంది. నాన్న రిసీవరు గట్టిగా చెవికి నొక్కుకున్నాడు. తర్వాత మొహం విప్పారింది.

"అదీ! నేను చెప్పలా? నాలుగోవాడే పోతాడని చెప్పలా? సరే, చెయ్యి జాగ్రత్త. ఆదివారం వింటా."

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, "నీ అన్న చోటు నిలిచింది," అన్నాడు. గొట్టం మళ్ళీ పెడుతుంటే పెదాలు నీలంగా ఉన్నాయి. అయినా అంత సంతోషంగా ఉన్న నాన్నని ఆ వేసవిలో నేను చూడలేదు.

ఆదివారం పొద్దున్న డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, పిలవాల్సినవాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే పిలవండి అన్నాడు. నాకున్నది ఒక్క అన్నయ్య. హేవర్టన్ నుంచి కారులో వస్తే భోజనాల వేళకి వచ్చేస్తాడు. గదిలోకి వచ్చి ఫోన్ ఎత్తాను. నాన్న కళ్ళు తెరిచాడు.

"ఎవరికి?"

"అన్నయ్యకి."

"ఇవాళ ఎవరి రోజు?"

నేను నంబరు తిప్పబోయాను.

"అడుగుతున్నాను వెరోనా. ఇవాళ ఎవరి రోజు?"

"అన్నయ్య రోజు."

"అయితే పెట్టేయ్."

"నాన్నా, ఆట ఎక్కడికీ పోదు. ఇంకో ఐదు రోజులకి మళ్ళీ వస్తుంది. ఇవాళ అన్నయ్యని రానీ."

"బెంచీ మీద ఎవడో ఒకడు కాచుకునే ఉంటాడు. ఇవాళ వీడు రాకపోతే ఆ చోటు వాడిదే. ఇవాళ మనసు చెడితే బంతి గాల్లో తేలిపోతుంది, అప్పుడూ వాడిదే. నా మూలంగా వీడి వంతు పోతే నాకు చచ్చినా…" ఊపిరి అందక ఆగాడు. "ఆట అవగానే చెప్పు. అందాకా ఉంటాను. నేనెక్కడికి పోతాను, ఈ గొట్టం వదలందే?"

నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు. మిల్లులో ఇనప కడ్డీలు ఎత్తిన చెయ్యి, ఇప్పుడు పసిపిల్లాడి చెయ్యంత బరువు లేదు. నేను విదిలించుకోవచ్చు. విదిలించుకోలేదు. మా ఇంట్లో పుట్టినవాళ్ళెవరూ ఆ రోజున ఆ మాట దాటరు. ఫోన్ పెట్టేశాను.

నాన్న నా చేత గడ్డం గీయించుకున్నాడు. దుషాన్ మావయ్య తన రేడియో తెచ్చి కిటికీలో పెట్టి, ఆ ఒక్క రోజు మాత్రం నోరు మూసుకుని మూల కుర్చీలో కూర్చున్నాడు. మధ్యాహ్నం ఆట మొదలైంది. గోల, బ్యాండు, వేరుశనక్కాయలు అమ్మేవాళ్ళ కేకలు. ఆ గోలలోంచి వ్యాఖ్యాత గొంతు ఉత్సాహంగా వచ్చింది. "హేవర్టన్ తరఫున ఇవాళ మొదటి బంతి విసరబోతున్నది, మన కొత్త ఎడంచేతి వీరుడు, లానీ ప్రూయిట్!"

దుషాన్ మావయ్య రేడియో కట్టేయడానికి లేచాడు. నాన్న చేత్తో వద్దన్నాడు.

"చెయ్యి నొప్పి పుట్టిందేమో," అన్నాడు నాన్న. "నీ అన్నకి కాస్త నొప్పిగా ఉందేమో."

వ్యాఖ్యాత ఆ ఆశ కూడా ఎక్కువసేపు ఉంచలేదు. ప్రూయిట్‌ని ఐదో వంతులో పెట్టారని, హ్రివ్నాక్ ఇక బెంచీ మీంచి వస్తాడని, ఈ మార్పు బుధవారమే తేల్చేశారని, సబ్బు ప్రకటన చదివినంత తేలిగ్గా చదివేశాడు. హ్రివ్నాక్ మా ఇంటిపేరు.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. బుధవారం పూట అన్నయ్య ఆ ఫోన్‌లో ఎంత కష్టం మీద "అవును నాన్నా" అని ఉంటాడో నాకు అప్పుడు తెలిసింది. అటు అన్నయ్య ఈయన ప్రాణం కోసం అబద్ధమాడాడు. ఇటు ఈయన అన్నయ్య వంతు కోసం ప్రాణం బిగబట్టుకుని పడుకున్నాడు. మధ్యలో ఒక పొద్దున్నంతా పోయింది. ఇద్దర్నీ పట్టుకుని కొట్టాలనిపించింది.

నాన్న మాత్రం ఏడవలేదు. కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఈ ఆటలో ముగ్గురు అవుటైతే ఒక ఇన్నింగ్స్ ముగుస్తుంది. మొదటి ఇన్నింగ్స్‌లో వరసగా వచ్చిన ముగ్గురూ అవుట్. రెండోదీ అంతే. మూడో ఇన్నింగ్స్‌లో ఒక బ్యాటర్, బంతి ఎక్కడ పడుతుందో తెలియక బ్యాటు ఊపి మోకాళ్ళ మీద కూలబడ్డాడని వ్యాఖ్యాత చెప్పి నవ్వాడు.

"మంచి చెయ్యి," అన్నాడు నాన్న.

నేనూ మావయ్యా మొహమొహాలు చూసుకున్నాం.

"చాలా మంచి చెయ్యి. గస్ తప్పేం లేదు. నేనైనా వీణ్ణే పెట్టేవాణ్ణి." కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. "అయితే ఎమిల్‌కి ఇవాళ పనేం లేదుగా. పిలువమ్మా."

గదిలో ఫోన్‌ని నర్సు వేరే మంచానికి తీసుకెళ్ళిపోయింది. వరండాలో ఉన్న ఫోన్ దగ్గరికి పరిగెత్తాను. మైదానం ఆఫీసులో ఎత్తినవాడు, "ఆట జరుగుతోందమ్మా, ఆటగాళ్ళని పిలవడం కుదరదు," అన్నాడు.

"ఆయన ఆడటం లేదు!" అని అరిచాను. మా ఇంట్లో ఎవరూ ఆ మాట అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు. "ఎమిల్ హ్రివ్నాక్. బెంచీ మీద ఉంటాడు. వాళ్ళ నాన్న పిలుస్తున్నాడని చెప్పండి."

చాలాసేపటికి అన్నయ్య గొంతు వినిపించింది, రొప్పుతూ. "వెరోనా?"

"నాన్న నిన్ను రమ్మంటున్నాడు."

ఇంకేం అడగలేదు. "వస్తున్నా. వస్తున్నానని చెప్పు," అన్నాడు. ఫోన్ అలాగే వదిలేసి పరిగెత్తినట్టున్నాడు, అందులోంచి జనం చప్పట్లు వినిపిస్తూనే ఉన్నాయి.

నాన్నకి చెప్పాను. "నెమ్మదిగా నడపమనాల్సింది," అన్నాడు. ఆ తర్వాత ఇక మాట్లాడలేదు. వింటున్నాడనే అనుకున్నాం. నేను ఒక చెయ్యి పట్టుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను, ఏ కారు శబ్దమైనా అన్నయ్యదేమో అని. ప్రూయిట్ ఇంకా విసురుతూనే ఉన్నాడు, జనం అరుస్తూనే ఉన్నారు. నర్సు మందు ఇవ్వడానికి వచ్చి, నాన్న మీదికి వంగి చూసి, ముందు వెళ్ళి రేడియో కట్టేసింది. అప్పుడు అర్థమైంది నాకు.

అన్నయ్య ఆట బట్టల్లోనే వచ్చాడు. బూట్ల కింది ఇనప మేకులు వరండా పొడుగునా టకటకలాడాయి. తలుపు దగ్గర నా మొహం చూసి ఆగిపోయాడు. దుషాన్ మావయ్య లేచి, అన్నయ్య భుజం మీద చెయ్యి వేసి బయటికి వెళ్ళిపోయాడు.

అన్నయ్య మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నున్నగా గీసిన నాన్న గడ్డం మీద చెయ్యి వేసి చూశాడు.

"పొద్దున్నే ఎందుకు పిలవలేదు?"

"నీ రోజు అనుకున్నాం అన్నయ్యా."

ఆ మాటకి అన్నయ్య ఒళ్ళంతా ఒకసారి కుదిపినట్టయింది.

కాసేపటికి తల ఎత్తకుండానే అడిగాడు. "రేడియో విన్నాడా?"

"విన్నాడు."

"నా పేరు రాకపోతే… ఏమన్నాడు?"

నాన్న అన్న ప్రతి మాటా నా చెవిలోనే ఉంది. మంచి చెయ్యి అన్నది, గస్ తప్పేం లేదన్నది, నేనైనా వీణ్ణే పెట్టేవాణ్ణన్నది. అన్నయ్య ఎర్రబడ్డ కళ్ళతో నా వైపు చూశాడు.

"మీ గస్‌ని తిట్టాడు," అన్నాను.

"నిజంగానా?"

"నిజంగా. గాడిద కొడుకన్నాడు. కళ్ళు లేని కబోది మేనేజరన్నాడు. ఆ అర్కాన్సా కుర్రాడు నీ కాలిగోటికి చాలడన్నాడు. డాక్టరు ఆపుతున్నా వినలేదు."

అన్నయ్య నవ్వాడు. నవ్వుతూనే దుప్పటిలో మొహం పెట్టేసుకుని, నాన్న చెయ్యి తీసి తన తల మీద పెట్టుకున్నాడు.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు.

చెప్పాను.